బాలింత జుట్టు రాలడం: కారణానికీ ఫలితానికీ నడుమ మూడు నెలలు

ప్రసవమైన మూడు నాలుగు నెలలకు తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెన నిండా వెంట్రుకలు రావడం, తలంటుకున్న నాడు స్నానాల గది తూము జుట్టు ఉండలతో పూడిపోవడం, పాపిట మునుపటికన్నా వెడల్పుగా కనిపించడం, కణతల దగ్గర మాడు బయటపడటం వైద్యశాస్త్రం చాలాకాలం కిందటే గుర్తించిన మార్పులే అయినా, ఇంటిల్లిపాదినీ ఇంతగా కలవరపెట్టే ప్రసవానంతర లక్షణాలు మరి కొన్నే ఉంటాయి. విజయవాడలో గవర్నర్‌పేట, దాని పక్కనే ఉన్న సూర్యారావుపేట ఆసుపత్రులకూ, రక్తపరీక్షల కేంద్రాలకూ, మందుల దుకాణాలకూ పేరుపడ్డ పేటలు కనుక, పురిటి కోసం కృష్ణా డెల్టా పల్లెల నుంచి ఈ వీధులకు వచ్చి వెళ్లిన కుటుంబాలే, కొన్ని నెలల తరువాత ఈ జుట్టు సంగతి చెప్పుకోవడానికి కూడా ఇక్కడికే వస్తాయి. అలా వచ్చేసరికి ఇంట్లో కారణం ఒకటి ఖాయమైపోయి ఉంటుంది: నీళ్లు మారాయని కొందరు, పథ్యం వేడి చేసిందని కొందరు, బిడ్డ పాలతో పాటు సత్తువంతా లాగేస్తున్నాడని కొందరు, సమయానికి నూనె పెట్టలేదని మరి కొందరు నమ్ముతారు.

ఈ నమ్మకాలన్నిటికీ మూలంలో ఉన్న పొరపాటు ఒక్కటే. జుట్టు ఏ నెలలో రాలుతున్నదో ఆ నెలలోనే కారణాన్ని వెదుకుతారు. నిజానికి వెంట్రుక కుదురులో మార్పు మొదలైన నాటికీ ఆ వెంట్రుక తల వదిలి చేతిలోకి వచ్చిన నాటికీ మధ్య రెండు నుంచి నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. ఈ ఆలస్యాన్ని అర్థం చేసుకుంటే బాలింత జుట్టు ఎందుకు రాలుతుందో, ఎప్పుడు ఆగుతుందో, ఏ మందుకు లేని ఘనత దక్కుతున్నదో, ఏ సందర్భంలో మాత్రం ఉపేక్షించకూడదో వరుసగా తేలిపోతాయి.

వెంట్రుక జీవితచక్రం

మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి చర్మంలోకి దిగిన సన్నని గొట్టం వంటి కుదురులో పుడుతుంది. దీనిని శాస్త్ర గ్రంథాలు కేశకూపం అంటాయి. బయటికి కనిపించే వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారైన నిర్జీవ పదార్థం కాగా, ప్రాణమున్న భాగమంతా చర్మం లోపలి కుదురులోనే ఉంటుంది కాబట్టి, రాలిన వెంట్రుకను లెక్కపెట్టడం కన్నా కుదురు స్థితిని తెలుసుకోవడమే వైద్యులకు ముఖ్యం.

ప్రతి కుదురూ జీవితాంతం మూడు దశలను మళ్లీ మళ్లీ దాటుతుంది. మొదటిది ఎనాజెన్ అనే ఎదుగుదల దశ. ఇది రెండు నుంచి ఆరు సంవత్సరాల దాకా సాగుతుంది, ఈ కాలమంతా వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. రెండవది కెటాజెన్ అనే మార్పు దశ. రెండు మూడు వారాలలో ముగిసే ఈ దశలో కుదురు కుంచించుకుపోయి వెంట్రుకకు పోషణ ఆగిపోతుంది. మూడవది టీలోజెన్ అనే విశ్రాంతి దశ. సుమారు మూడు నెలల పాటు వెంట్రుక పెరగకుండా, ఊడకుండా కుదురులో నిలిచి ఉండి, ఆ తరువాత రాలిపోతుంది, అదే కుదురులో కొత్త వెంట్రుక మొలకెత్తుతుంది. మామూలు ఆరోగ్యం ఉన్నవారిలో ఏ రోజు చూసినా ఎనభై అయిదు నుంచి తొంభై శాతం వెంట్రుకలు ఎదుగుదల దశలోను, పది నుంచి పదిహేను శాతం విశ్రాంతి దశలోను, ఒకటి రెండు శాతం మార్పు దశలోను ఉంటాయి.

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజమన్న మాటకు ఆధారం ఈ లెక్కే. లక్ష వెంట్రుకలలో పది శాతం, అంటే పది వేలు, విశ్రాంతి దశలో ఉండి, ఆ దశ వంద రోజులు సాగుతుందనుకుంటే, రోజుకు సగటున వంద వెంట్రుకలు తల వదలాలి. విశ్రాంతి దశ వాటా అయిదు శాతానికి తగ్గితే రాలేవి యాభైకి పడిపోతాయి, ముప్పై శాతానికి పెరిగితే మూడు వందలకు చేరతాయి. గర్భిణి జుట్టు ఒత్తుగా కనిపించడానికీ, బాలింత జుట్టు పలచబడటానికీ కారణం స్థూలంగా ఈ వాటాల మార్పే.

గర్భంలో ఆగినవి, ప్రసవం తరువాత కదిలినవి

గర్భం ధరించిన తరువాత మాయ, అండాశయాలు కలిసి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ వంటి హార్మోన్లను మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా విడుదల చేస్తాయి. ఈ హార్మోన్ల ప్రభావంతో, ముఖ్యంగా ఈస్ట్రోజెన్ ప్రభావంతో, ఎదుగుదల దశ ముగించవలసిన వెంట్రుకలు ఆ దశలోనే కొనసాగుతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అమెరికన్ చర్మవైద్యురాలు యెల్వా లిన్‌ఫీల్డ్ 1960లో ప్రచురించిన అధ్యయనంలో గర్భిణుల వెంట్రుకలను మూలాలతో సహా తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించగా, గర్భం నాలుగో నెల నుంచి ఎదుగుదల దశలోని వెంట్రుకల వాటా సుమారు తొంభై అయిదు శాతానికి చేరినట్టు, ప్రసవం తరువాత అది బాగా పడిపోయి విశ్రాంతి దశ వాటా మామూలు స్థాయిని దాటినట్టు తేలింది.

బిడ్డతో పాటు మాయ కూడా బయటపడిన కొద్ది రోజులకే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది. గర్భకాలమంతా రాలకుండా ఆగిన వెంట్రుకలు, ఆ సమయానికి సహజంగా విశ్రాంతికి చేరవలసినవీ కలిసి ఒకేమారు విశ్రాంతి దశలోకి జారుకుంటాయి. మామూలు రోజులలో తలమీది కుదుళ్లు ఒక్కొక్కటి ఒక్కో కాలంలో నడుస్తాయి కనుక రాలిన వెంట్రుకల లోటు తెలియదు. ప్రసవం మాత్రం, కాలువలకు నీరు వదలగానే డెల్టాలో ఒకేసారి నాట్లు పడిన చేలు ఒకేసారి కోతకు వచ్చినట్టు, ఆ కుదుళ్లన్నిటినీ ఒకే తేదీకి కట్టేస్తుంది. కోత కనిపించేది మాత్రం విశ్రాంతి దశ గడువు తీరిన తరువాతే కాబట్టి, కాన్పునాటి మార్పు మూడో నెలలోనో నాలుగో నెలలోనో బయటపడుతుంది.

ఏదో ఒక ఒత్తిడి వల్ల పెద్ద సంఖ్యలో వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు చేరి, ఆ తరువాత రాలిపోయే స్థితికి టీలోజెన్ ఎఫ్లూవియం అని 1961లో పేరు పెట్టినది అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. తీవ్ర జ్వరం, పెద్ద శస్త్రచికిత్స, ఎక్కువ రక్తస్రావం, కఠినమైన ఉపవాసాలు కూడా దీనికి దారితీస్తాయి. టైఫాయిడ్ తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు ఊడటం తెలుగు ఇళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన అనుభవమే కాగా, కోవిడ్ సోకి తగ్గిన వారిలోనూ ఇదే వ్యవధికి ఇదే లక్షణం కనిపించింది. 1993లో హెడింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ స్థితిని అయిదు తరగతులుగా విభజించి, ప్రసవానంతర కేశపాతాన్ని ఎదుగుదల దశ ఆలస్యంగా విడుదల కావడం అన్న తరగతిలో చేర్చాడు.

ఈ వివరణను అందరూ పూర్తిగా అంగీకరించలేదన్నది కూడా పాఠకులు గమనించదగిన విషయమే. స్పెయిన్‌కు చెందిన మిరాలాస్, గ్రిమాల్ట్ 2016లో పాత అధ్యయనాలను సమీక్షించి, అవి తక్కువమందిపై జరిగినవనీ, వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవనీ, ప్రతి తల్లికీ జుట్టు తప్పక రాలుతుందన్న ప్రచారానికి చాలినంత ఆధారం లేదనీ వాదించారు. జపాన్‌లో 331 మంది తల్లులను ప్రశ్నించి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జుట్టు రాలడాన్ని గమనించామని చెప్పారు. సగటున అది ప్రసవమైన మూడో నెల చుట్టూ మొదలై, అయిదో నెలలో ఉధృతమై, ఎనిమిదో నెలకు సద్దుమణిగింది. రాలడం తల్లులకు తెలిసిన అనుభవం, కుదుళ్లలో జరిగే మార్పు ప్రయోగశాలలో కొలవవలసిన విషయం కాబట్టి, ఈ రెండు పద్ధతుల ఫలితాలూ ఒకేలా లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నువ్వుండల నుంచి అరిసెల దాకా

బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు పంచే ఆచారం ఉన్న తెలుగు ఇళ్లలో ఈ కేశపాతం గడువును గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. బిడ్డ మనిషిని చూసి నవ్వే రెండో, మూడో నెలల ప్రాంతంలో రాలడం మొదలవుతుంది. బోర్లపడే నాలుగో, అయిదో నెలల్లో ఉధృతంగా ఉంటుంది. ఆసరా లేకుండా కూర్చోగలిగే నాటికి తగ్గుముఖం పడుతుంది. తప్పటడుగులు వేసే పన్నెండో నెల వచ్చేసరికి చాలామందిలో మామూలు స్థితికి చేరుతుంది. ఈ వరుసను దాటి ఏడాది తరువాత కూడా రాలడం ఆగకపోతే వేరే కారణం వెదకాలన్నది వైద్యుల సాధారణ నియమం.

నేల మీద పడిన వెంట్రుకను పరిశీలిస్తే ఒక చివర చిన్న తెల్లని బుడిపె కనిపిస్తుంది. అది చూసి వేరుతో సహా ఊడిపోయిందనీ, ఇక అక్కడ జుట్టు రాదనీ చాలామంది భయపడతారు. నిజానికి ఆ బుడిపె విశ్రాంతి దశ ముగించుకున్న వెంట్రుకకు ఉండే సహజమైన చివరి భాగం. కుదురు చర్మంలోనే భద్రంగా ఉండి, చాలాసార్లు అప్పటికే కొత్త వెంట్రుకను తయారుచేస్తూ ఉంటుంది. కొన్ని నెలల తరువాత నుదుటి అంచున దువ్వెనకు లొంగని పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కొత్త జుట్టు వస్తున్నదనడానికి మొదటి సాక్ష్యం.

అయితే కుదుళ్లు కోలుకోవడమూ, జడ కోలుకోవడమూ ఒకే కాలంలో జరగవు. నెలకు సెంటీమీటరు లెక్కన కొత్త వెంట్రుక ఏడాదికి పన్నెండు సెంటీమీటర్లే పెరుగుతుంది కనుక, భుజం దాకా రావడానికి రెండు మూడేళ్లు, నడుము దాకా రావడానికి అంతకు రెట్టింపు కాలం పడుతుంది. మాడు మీద జుట్టు నిండిన తరువాత కూడా జడ చివర సన్నగానే ఉండటం వల్ల జబ్బు తగ్గలేదని పొరబడే తల్లులు ఎందరో ఉంటారు; వారికి కావలసింది మందు కాదు, వెంట్రుక పొడవుకు పట్టే కాలం మీద అవగాహన.

దోషం ఎవరిది, ఘనత ఎవరికి

కృష్ణా డెల్టాలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లి, మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి తిరిగి రావడం మామూలు. దివిసీమ వంటి సముద్ర తీర ప్రాంతాలలో భూగర్భ జలం ఉప్పదనం ఎక్కువ. విజయవాడ అపార్టుమెంట్లలో బోరునీటి కాఠిన్యం ఎక్కువ. ఎటు నుంచి ఎటు మారినా నీరు మారినట్టే అనిపిస్తుంది. జుట్టు రాలే నెలా, ఇల్లు మారిన నెలా ఒకటే కావడంతో నిందంతా నీటి మీద పడుతుంది. కఠిన జలంలోని లవణాలు వెంట్రుక పైపొరకు అంటుకుని దానిని గరుకుగా చేయవచ్చు, చిక్కులు పెంచవచ్చు, పెళుసైన వెంట్రుక మధ్యలో తెగిపోవచ్చు. కుదురులోని వెంట్రుకను విశ్రాంతి దశకు నెట్టే శక్తి మాత్రం వాటికి ఉన్నట్టు ఆధారం లేదు.

ఉద్యోగినుల విషయంలో ఇదే పొరపాటు మరో రూపంలో జరుగుతుంది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ తొలి ఇద్దరు బిడ్డల వరకు ఇరవై ఆరు వారాల వేతన సెలవు కల్పించింది. అందులో కొన్ని వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, నాలుగో నెల నుంచి ఆరో నెల లోపల తల్లి హైదరాబాదుకో బెంగళూరుకో తిరిగి ఉద్యోగానికి వెళ్లవలసి వస్తుంది. సరిగ్గా అదే సమయంలో జుట్టు రాలడం ఉధృతంగా ఉంటుంది కాబట్టి కార్యాలయం ఒత్తిడి, నగర కాలుష్యం దోషులుగా నిలుస్తాయి.

తల్లిపాలకూ జుట్టుకూ ముడిపెట్టడం వీటన్నిటికన్నా ప్రమాదకరం. పైన చెప్పిన జపాన్ అధ్యయనంలో ఎక్కువ కాలం పాలిచ్చిన తల్లులలో జుట్టు రాలుతున్నట్టు చెప్పినవారి నిష్పత్తి ఎక్కువగా కనిపించిన మాట వాస్తవమే అయినా, పాలు మానిపిస్తే జుట్టు రాలడం ఆగుతుందని ఆ అధ్యయనం నిరూపించలేదు. బిడ్డకు పాలు పట్టని తల్లులకు కూడా ఈ కేశపాతం వస్తుంది. తొలి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసును, తనంతట తాను తగ్గిపోయే ఒక లక్షణం కోసం పక్కన పెట్టడం బిడ్డకు తీరని నష్టం.

నింద ఎంత సులువుగా పడుతుందో ఘనత కూడా అంత సులువుగా దక్కుతుంది. ఆరో నెలలో మొదలుపెట్టిన గుంటగలగరాకు నూనె, మందారాకు ముద్ద, ఉసిరి పొడి, బీసెంట్ రోడ్డులో కొన్న ఖరీదైన సీసా, ఇవన్నీ ఎనిమిదో నెలకు పనిచేసినట్టే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ నాటికి ఏమీ రాయకపోయినా రాలడం తగ్గేదే. ఇంద్రకీలాద్రి దుర్గమ్మకో తిరుమల వేంకటేశ్వరునికో మొక్కిన తలనీలాలు సమర్పించిన తరువాత జుట్టు ఒత్తుగా వచ్చిందనుకోవడం కూడా ఇటువంటిదే. క్షౌరం వల్ల వెంట్రుకల మందం గాని, పెరిగే వేగం గాని మారదని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రజ్ఞురాలు 1928లోనే పరిశీలించి చెప్పింది. గుండు తరువాత వెంట్రుకలన్నీ ఒకే పొడవున, మొద్దు చివరలతో లేవడం వల్ల ఒత్తుగా కనిపిస్తాయి. మొక్కు భక్తికి సంబంధించినది, దానికి చికిత్స విలువను ఆపాదించనక్కరలేదు.

ఉపేక్షించకూడని సందర్భాలు

కాలమే నయం చేసే స్థితి అని తెలిసిన తరువాత, దాని చాటున దాగే రుగ్మతలను వేరు చేయడం వైద్యుల అసలు పని. వీటిలో మొదటిది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిది ఏళ్ల మహిళలలో దాదాపు యాభై తొమ్మిది శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులలోనూ సగానికి పైగా ఇదే పరిస్థితి. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గక ముందే శరీరంలోని ఇనుము నిల్వలు అడుగంటుతాయి. ఆ నిల్వలను సూచించే ఫెరిటిన్ అనే మాంసకృత్తును రక్తపరీక్షలో కొలుస్తారు. అదే సర్వేలో రాష్ట్రంలోని కాన్పులలో నలభై రెండు శాతం సిజేరియన్లు కావడం గమనిస్తే, శస్త్రచికిత్సలో పోయిన రక్తం కూడా ఈ లోటుకు తోడవుతుందని గ్రహించవచ్చు.

రెండవది ప్రసవానంతర థైరాయిడ్ శోథ, అంటే రోగనిరోధక వ్యవస్థ పొరపాటున థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేయడం వల్ల వచ్చే వాపు. ఇది కాన్పైన స్త్రీలలో నూటికి అయిదుగురికి ఏడాది లోపు రావచ్చు. తొలి నెలల్లో గ్రంథి నుంచి హార్మోను ఎక్కువగా కారి గుండెదడ, చెమటలు, బరువు తగ్గడం కనిపించవచ్చు. ఆ తరువాత హార్మోను తగ్గిపోయి నీరసం, మలబద్ధకం, చలి ఓర్వలేకపోవడం, జుట్టు రాలడం మొదలవుతాయి. ఇవన్నీ పసిబిడ్డ తల్లికి ఉండే మామూలు అలసటలో కలిసిపోతాయి కనుక, టీఎస్‌హెచ్ అనే సులువైన రక్తపరీక్ష చేయించకపోతే బయటపడవు.

మూడవది అరుదైనదే అయినా తీవ్రమైనది. కాన్పులో విపరీతమైన రక్తస్రావం జరిగితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక అది దెబ్బతినవచ్చు. షీహాన్ సిండ్రోమ్ అనే ఈ స్థితిలో పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, చంకల్లోని వెంట్రుకలు కూడా రాలిపోవడం, తీవ్ర నీరసం ఉంటాయి. ఇవి కాక, రూపాయి బిళ్లంత నున్నని మచ్చలుగా జుట్టు ఊడితే దానిని పేనుకొరుకుడు అంటారు. పాపిట దగ్గర ఏళ్ల తరబడి పలచబడుతూ వస్తే అది వంశపారంపర్య కేశపాతం కావచ్చు. మాడు మీద దురద, పొలుసులు, నొప్పి, మచ్చలు ఉన్నా, ఏడాది దాటినా తగ్గకపోయినా, గుండెదడ గాని మితిమీరిన నీరసం గాని తోడైనా చర్మవైద్యులను కలవాలి. పరీక్ష కూడా కష్టమైనది కాదు. యాభై అరవై వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి, పదో వంతుకన్నా ఎక్కువ ఊడివచ్చాయేమో చూస్తారు, అవసరమైతే మాడును పెద్దది చేసి చూపే పరికరంతో కుదుళ్లను పరిశీలిస్తారు.

పథ్యం, పళ్లెం

ప్రసవానంతర కేశపాతానికి పోషకాహార లోపం మూలకారణం కాకపోయినా, కొత్త వెంట్రుక మొలవడానికి మాంసకృత్తులు, ఇనుము, జింకు వంటివి కావాలి కాబట్టి, బాలింత పళ్లెంలో లోటు ఉంటే కోలుకోవడం మందగిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం కాగా, పాలిచ్చే తొలి ఆరు నెలలలో మరో 17 గ్రాములు, 600 కేలరీలు అదనంగా కావాలి. ఒక కోడిగుడ్డులో ఉండే మాంసకృత్తులు సుమారు ఆరు గ్రాములే అన్నది గుర్తుంచుకుంటే ఈ అవసరం ఎంతో అర్థమవుతుంది.

డెల్టా ఇళ్లలో పథ్యం పేరిట నడిచే ఆహార నియమాలలో మేలు, కీడు రెండూ ఉన్నాయి. గానుగలో నువ్వుల నూనె తీసిన తరువాత మిగిలే తెలగపిండిని మునగాకుతో కలిపి కూర చేసి బాలింతకు పెట్టడం, తీరంలో పాల సొరతో పిట్టు వండి పెట్టడం పాలు పడతాయన్న నమ్మకంతో వచ్చిన అలవాట్లే అయినా, మాంసకృత్తులు దండిగా ఉన్న ఈ వంటకాలు పోషకాహార దృష్టితోనూ మెచ్చదగినవి. దీనికి విరుద్ధంగా, పప్పు వాయువు చేస్తుందని, ఆకుకూర బిడ్డకు పడదని, పండ్లు జలుబు చేస్తాయని, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని కాన్పైన తల్లిని వారాల తరబడి కారప్పొడి అన్నానికే పరిమితం చేయడం, అవసరం పెరిగిన కాలంలోనే అందేది తగ్గించడం అవుతుంది. శొంఠి, వెల్లుల్లి, కరివేపాకు కారాలు భోజనానికి రుచి ఇవ్వవచ్చు గాని, పప్పు, పెరుగు, గుడ్డు, చేపల స్థానం భర్తీ చేయలేవు.

రక్తహీనత నివారణకు 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను గర్భం నాలుగో నెల నుంచి 180 రోజులు, ప్రసవం తరువాత మరో 180 రోజులు రోజుకొకటి చొప్పున తీసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే ఈ ఎర్ర మాత్రను కాన్పు కాగానే మానేయడం తరచు జరిగే పొరపాటు. కాఫీ, టీలు, కాల్షియం మాత్రలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కనుక వాటికీ ఇనుము మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం, ఉసిరి వంటి విటమిన్ సి ఉన్న పదార్థాలు ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడతాయి.

తలంటు, జడ, మందులు

తలంటుకుంటే జుట్టు ఊడుతుందన్న భయంతో వారాల తరబడి తల తడపకపోవడం వల్ల ప్రయోజనం లేదు. విశ్రాంతి దశ ముగిసిన వెంట్రుక ఈ రోజు కాకపోతే రేపు రాలేదే. తలంటుకోని రోజుల్లో ఆగినవన్నీ తలంటుకున్న నాడు ఒక్కసారి వచ్చి భయపెడతాయి. కుంకుడుకాయ, శీకాయ, తేలికపాటి షాంపూ, వీటిలో ఏది వాడినా కుదురుకు తేడా ఉండదు. కొబ్బరినూనె వెంట్రుక పైపొరను నునుపుగా ఉంచి తెగకుండా కాపాడుతుంది గాని, విశ్రాంతి దశకు చేరిన వెంట్రుకను నిలపలేదు. తడి జుట్టును బిగించి దువ్వడం, బరువైన సవరంతో జడ లాగి కట్టడం, రోజూ ఒకేచోట గట్టి ముడి వేయడం వల్ల నుదుటి అంచున లాగుడు కేశపాతం అనే వేరే సమస్య రావచ్చు కనుక ఈ నెలల్లో వదులు జడే మేలు. తల ఆరబెట్టడానికి సాంబ్రాణి పొగ వేసే ఆచారం పాటించే ఇళ్లలో పసిబిడ్డను ఆ పొగకు దూరంగా ఉంచాలి.

మందుల దుకాణాలలో జుట్టు కోసం ఎక్కువగా అమ్ముడయ్యే వాటిలో బయోటిన్ ఒకటి. ఈ విటమిన్ లోపం అరుదు, పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 35 మైక్రోగ్రాములు చాలు. జుట్టు మాత్రలలో కొన్నిటిలో 10,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. ఇంత మోతాదు కొన్ని రకాల రక్తపరీక్షలను తారుమారు చేస్తుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా చూపించి, లేని జబ్బు ఉన్నట్టు, ఉన్న జబ్బు లేనట్టు భ్రమ కలిగించవచ్చు. కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్ర ఆపి, వాడుతున్న సంగతి వైద్యులకు చెప్పాలి. తలకు రాసే మినాక్సిడిల్ వంశపారంపర్య కేశపాతానికి పనికివచ్చే మందే అయినా, తనంతట తాను తగ్గే ఈ స్థితికి సాధారణంగా అవసరం ఉండదు. పాలిచ్చే తల్లులు వైద్యుల సలహా లేకుండా దానిని వాడకూడదు.

బిడ్డ వేళ్లు, తల్లి మనసు

తల్లి రాలిన వెంట్రుక బిడ్డకు హాని చేసే సందర్భం ఒకటి ఉంది. మేజోళ్లలోనో, చేతి తొడుగుల్లోనో, పొత్తిగుడ్డల్లోనో చిక్కుకున్న వెంట్రుక బిడ్డ కాలివేలి చుట్టూ, కొన్నిసార్లు చేతివేలి చుట్టూ, అరుదుగా మర్మాంగం చుట్టూ పెనవేసుకుని రక్తప్రసరణ ఆపివేస్తుంది. వెంట్రుక తడిగా ఉన్నప్పుడు సాగి, ఆరినప్పుడు బిగుస్తుంది కనుక చుట్టు మరింత గట్టిపడుతుంది. ఈ ప్రమాదానికీ తల్లి ప్రసవానంతర కేశపాతానికీ ఉన్న సంబంధాన్ని 2003లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రిక ప్రచురించిన పరిశీలన ఎత్తి చూపింది. ఎంత ఊరడించినా ఏడుపు మానని బిడ్డను చూసినప్పుడు బట్టలు విప్పి కాలివేళ్లు, చేతివేళ్లు ఒక్కొక్కటి పరిశీలించాలి. వేలు వాచి, ఎర్రబడి, నడుమ గీత పడి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మేజోళ్లను తొడిగే ముందు తిరగేసి దులపడం, బిడ్డ దగ్గర ఉన్నంతసేపు తల్లి జుట్టు ముడివేసుకోవడం చాలా సులువైన జాగ్రత్తలు.

నిద్రలేని రాత్రులు, మారిన శరీరం, చూడవచ్చిన ప్రతివారూ జడ గురించి అడగడం తల్లి మనసును కుంగదీస్తాయి. భారతదేశంలో ప్రసవానంతర కుంగుబాటు సుమారు 22 శాతం మంది తల్లులలో ఉందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష అంచనా వేసింది. అకారణంగా ఏడుపు రావడం, బిడ్డ మీద మమకారం కలగకపోవడం, బతుకు మీద విరక్తి వంటివి రెండు వారాలకు మించి కొనసాగితే అది జుట్టు గురించిన దిగులు కాదని ఇంటివారు గ్రహించి వైద్యులను కలవాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవలో ఉచితంగా తెలుగులోనే సలహా లభిస్తుంది.

బాలింత జుట్టు రాలినప్పుడు ఇంటివారు ముందుగా చేయవలసింది కాన్పు తేదీ నుంచి నెలలు లెక్కపెట్టడం. రెండో నెల తరువాత మొదలై, ఏడాది లోపల తగ్గుముఖం పడుతుంటే అది ప్రకృతి తన పాత లెక్కను సరిచేసుకోవడమే. దానికి కావలసినవి కడుపునిండా తిండి, ఎర్ర మాత్ర, విశ్రాంతి, ఓపిక. నీరసం, గుండెదడ, రక్తస్రావం, ఆగని కేశపాతం వంటి గుర్తులు కనిపిస్తే హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించాలి. నూనె సీసాలకు, జుట్టు మాత్రలకు పెట్టే డబ్బును ఆ మూడు పరీక్షలకూ, తల్లి పళ్లెంలో మరో గుడ్డుకూ పెడితే అంతకన్నా మంచి చికిత్స లేదు.